శ్రీ కింద ఖాళీ

12 ఫిబ్రవరి 2024, సోమవారం

శ్రీ

శేఖర్‌కు బి.పి. ఎట్లుంది? పొద్దున చూస్తే నూట యాభై. భాగ్యలక్ష్మి మోకాళ్ళు ఎట్లున్నాయి? అడిగితే బాగున్నాయంటుంది కోడలు, మెట్లు దిగేటప్పుడు మాత్రం గోడ పట్టుకుంటుంది. మనవరాలు సాయిశ్రీకి దగ్గు తగ్గిందా? తగ్గిందంటుంది, కాలేజీకి పోతూ గేటు దగ్గర దగ్గింది. పెనుకొండలో కూతురు భాగ్యశ్రీకి షుగరు ఎట్లుంది? ఫోన్ చేసి అడిగితే, "దినామూ అదే అడుగుతాంటే లేనిది కూడా వస్తాదమ్మా" అని కసిరింది. నేను బాగున్నాను.

నేను చదివింది అయిదో తరగతి. ఆ తరువాత రాసిందంతా ఉత్తరాలే. అందుకని నా కోసం నేను రాసుకునే పుస్తకంలో కూడా ముందు శ్రీ పెట్టి, అందరి బాగోగులు అడిగి, ఆ తరువాతే సంగతి రాస్తాను. నలభై ఏళ్ళ అలవాటు.

సంగతి ఏమంటే, ఈరోజు రిజిస్టర్ పోస్టు వచ్చింది. ఇంట్లో ఎవరూ లేరు. సంతకం పెట్టి తీసుకున్నది నేనే. తీసుకోకుండా ఉంటే వచ్చిన దారినే పోయేదేమో. శేఖర్ వచ్చి విప్పి చదువుకుని, మడిచి జేబులో పెట్టుకుని, అన్నం వద్దన్నాడు. ఏమని అడిగితే ఏం లేదన్నాడు. ఏం లేనిదానికి అన్నం ఎందుకు వద్దంటారు? సాయంత్రం సాయిశ్రీని పట్టుకుని, నాకు అర్థమయ్యేటట్టు ఇందులోనే రాయమన్నాను. ఈ కింద ఉన్నది పాప చేతిరాత.

'ఇది బెంగళూరు కంపెనీ లాయరు పంపిన నోటీసు. "ఆది" అనే పేరు వాళ్ళ ట్రేడ్‌మార్క్ అంట. 2019లో రిజిస్టర్ చేయించుకున్నారు. చెవిలో పెట్టుకునే ఇయర్‌బడ్స్, చార్జర్లు ఆ పేరుతో అమ్ముతున్నారు. మన హిందూపురం షెడ్డులో నాయన చేయించే స్పీకర్లకు, చార్జర్లకు "ఆది" అని పెట్టుకోవడం తప్పంట. పదిహేను రోజుల్లో పేరు తీసేయాలంట. ఇది మా తాత ఆదినారాయణ పేరు, ఆయన 1986లో టీవీ స్టెబిలైజర్లు చేసినప్పటి నుంచి మాదే అని నాయన జవాబు రాయిస్తాడు. ముందు నుంచి వాడుకున్నట్టు రుజువు చూపిస్తే పేరు మనకే ఉంటుంది. అవ్వా, భయపడొద్దు. – సాయిశ్రీ'

13 ఫిబ్రవరి, మంగళవారం

పాప ఎంత సులువుగా రాసేసింది! నిన్నటి పేజీ ఇంకోసారి చూసుకుందామని తీసి, ఆ రెండు అక్షరాల మీద వేలు పడకుండా తిప్పేశాను.

నేను ఈ ఇంటికి వచ్చిన రోజే అత్త గంగులమ్మ చెప్పింది. "మొగుని పేరు పలికితే ఆయుష్షు తగ్గుతాదే పిల్లా. నోటితోనూ వద్దు, చేతితోనూ వద్దు." శనివారం తరువాత వచ్చే వారం పేరు కూడా నేను అనను, రాయను. అందులోనూ ఆయన పేరు ఉంది. సెలవు రోజు అంటాను. ఇంట్లో అందరికీ తెలుసు.

ఆయన పోయి పదమూడేళ్ళయింది. "ఇంగ తగ్గేదానికి ఆయుష్షు యాడుండాదమ్మా" అంటాడు శేఖర్. స్పీకర్ల డబ్బాల మీద ఆ పేరుకు ఇంకా ఉంది కదా ఆయుష్షు.

15 ఫిబ్రవరి

శేఖర్ బి.పి. నూట అరవై. ముద్ద సగం తిని లేచాడు.

3 మార్చి 2024, సెలవు రోజు

శేఖర్ మాత్ర వేసుకున్నాడు. భాగ్యలక్ష్మి మోకాళ్ళకు నూనె కాచి ఇచ్చాను. పాప దగ్గు పోయింది. భాగ్యశ్రీ ఫోన్ ఎత్తలేదు, ఎందుకో.

లాయరు మంజునాథ్ ఇంటికొచ్చాడు. శేఖర్‌తో చదువుకున్నవాడే. పాత బిల్లులు ఏమన్నా ఉన్నాయా అని అడిగాడు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు అంగడి కొట్టేశారు, కాగితాలు గోనెసంచిలో కట్టి మేడ మీద పెట్టాం, చెదలు తినేసింది. బోర్డు? దాన్ని రాసిన పెయింటర్ హనుమప్ప పోయాడు, బోర్డు కూడా పోయింది. పాత స్టెబిలైజర్ మిషను ఒకటన్నా లేదా? ఫ్రిజ్ పక్కన ఒకటి ఉంది, ఇప్పటికీ పనిచేస్తుంది. మంజునాథ్ మోకాళ్ళ మీద కూర్చుని సెల్లు లైటు వేసి చూశాడు. పేరు ఉండాల్సిన చోట రేకు తెల్లగా ఉంది.

"ఏమైందప్పా పేరు?"

భాగ్యలక్ష్మే చెప్పింది. "ప్రతి ఆయుధపూజకూ అత్త దాన్ని తడిగుడ్డతో తుడిచి, పేరు మీద పసుపు పూసి కుంకుమ పెడతాదన్నా. మరుసటి దినం మళ్ళా తుడుస్తాది."

ముప్పై ఎనిమిది ఆయుధపూజలు. చెడగొట్టాలని చేశానా?

అప్పుడు సాయిశ్రీ అంది, "అవ్వ దినామూ పుస్తకాల్లో రాస్తాది కదా నాయనా. పెట్టెలో ఉండాయి." తెచ్చి ముందర పెట్టింది. తొమ్మిది పుస్తకాలు. మంజునాథ్ పైది తీసి తేదీలు చూశాడు. 1986, 87, 88. ఏ మిషను ఏ ఊరికి పోయిందో అన్నీ ఉన్నాయి.

"పెద్దమ్మా!" అని లేచి నిలబడ్డాడు. "బంగారం పెట్టుకోని ఏమీ లేదంటారేంది మీరు! ఏరోజుది ఆరోజు రాసిన పుస్తకం. దీనికి మించిన సాక్ష్యం ఉండాదా?"

శేఖర్ నా వైపు చూసి నవ్వాడు. ఎన్ని దినాలైందో వాడు నవ్వి. అప్పుడే చెప్పాల్సింది. పుస్తకాల్లో ఆ పేరు లేదని చెప్పాల్సింది. కాఫీ పెడతానని లోపలికి పోయాను. లాయర్లు చదువుకున్నవాళ్ళు, చదివితే వాళ్ళకే తెలుస్తుంది. తెలిసినా ఏదో ఒక దారి ఉంటుంది. ఉండబట్టే కదా అంత సంతోషపడ్డాడు.

4 మార్చి

పుస్తకాల్లో ఏముందో నేను ఇక్కడన్నా రాసుకోవాలి.

1986లో ఊళ్ళో టీవీలు కొత్త. కరెంటు ఎక్కువ తక్కువలకు కాలిపోతుండేవి. శేఖర్ వాళ్ళ నాయన ముందు గదిలో కూర్చుని తీగ చుట్టి చుట్టి మొదటి స్టెబిలైజర్ చేశాడు. పొట్టిగా, చదరంగా, ముందర ఎర్ర దీపం. పక్కన కూర్చుంటే నిద్రపోయే బిడ్డ మాదిరి సన్నగా రొద పెట్టేది. హనుమప్ప దాని మీద పేరు రాసి ఇచ్చిన దినం అత్త నవ్వింది. "అయిపాయ, ఇంగ పెట్టెను కూడా పిలిచేదానికి లేదు నీకు."

నేను దానికి బుడ్డోడు అని పేరు పెట్టాను. ఏదో ఒకటి అనాలి కదా. పుస్తకాల్లోనూ అట్లే రాశాను. ఇద్దరు బుడ్డోళ్ళు బుక్కపట్నం పోయారు. బుడ్డోడు నల్లచెరువు నుంచి వాపసు వచ్చాడు, దీపం వెలగడం లేదు. అన్నీ అట్లే.

నిజానికి ఒకటి రెండు చోట్ల ఆయన పేరు రాసి ఉంటానేమో. ఎవరికి గుర్తు?

లేదు. రాయలేదు.

19 జూన్

కేసు బెంగళూరు కోర్టులో వేశారంట. తీర్పు వచ్చేదాకా ఆ పేరుతో కొత్త సరుకు బయటికి పంపద్దన్నారంట. షెడ్డులో పనిచేసే ఆడపిల్లలు ఎనిమిది మందిలో నలుగురినే రమ్మన్నాడు శేఖర్. వేరే పేరు అతికించి అమ్మొచ్చు కదా అని భాగ్యలక్ష్మి అడిగింది. "నాయన పేరు తీసి ఏం పేరు పెట్టేది?" అన్నాడు.

11 అక్టోబరు 2024, శుక్రవారం

ఆయుధపూజ. స్పీకర్ల డబ్బాలకు పసుపు పెట్టాను. ఈసారి కుంకుమ పక్కన పెట్టాను, అక్షరాల మీద కాదు. ఇప్పుడు జాగ్రత్తపడి ఏం లాభం? ఫ్రిజ్ పక్కన బుడ్డోడికి మాత్రం ఎప్పటి చోటే పెట్టాను. అక్కడ చెరగడానికి ఇంకేమీ లేదు.

20 జనవరి 2025, సోమవారం

నాకు డెబ్బై అయిదు దాటాయని, బెంగళూరుకు పిలిపించకుండా కోర్టు ఒక కమిషనర్‌ను మన ఇంటికే పంపిస్తుందంట. ఆయన ముందర రెండు పక్కల లాయర్లు అడుగుతారు. నేను చెప్పింది టైపు చేసుకుని పోతారు. ఉన్నది ఉన్నట్టు చెప్తే చాలంటాడు మంజునాథ్. "పుస్తకాలు నేనే రాసినా అని చెప్పండి పెద్దమ్మా. మిగతాది నేను చూసుకుంటా."

బుడ్డోడి సంగతి ఆయనకు తెలుసంట. "అది ఇంట్లో ముద్దుపేరు, అసలు పేరు మీరు చెప్తారు కదా" అన్నాడు. నేను తల ఊపాను. ఊపానా? ఊపినట్టే గుర్తు.

25 జనవరి 2025, శనివారం

అందరూ బాగున్నారు. బాగున్నారనే రాసుకుంటాను.

వాళ్ళు పదకొండుకు వచ్చారు. కమిషనర్ తల నెరిసిన పెద్దాయన. టైపు కొట్టే అతను ఒకడు. కంపెనీ తరఫున వచ్చింది ఆడపిల్ల, పేరు ప్రియదర్శిని. సాయిశ్రీ కంటే నాలుగేళ్ళు పెద్ద ఉంటుందేమో. చెప్పులు బయటే విడిచి వచ్చింది. ఎండన పడి వచ్చిందని మజ్జిగ ఇస్తే రెండు గ్లాసులు తాగింది. కన్నడం కలిసిన తెలుగులో, "అజ్జీ, ఏమీ గాబరా పడొద్దు. నేను అడుగుతా, ఉండేది చెప్పండి, అంతే" అంది. నాకు నచ్చింది ఆ పిల్ల. అదే ఇప్పుడు బాధగా ఉంది.

దేవుని మీద ప్రమాణం చేయించారు. నా పేరు లేపాక్షమ్మ అని చెప్పాను. మంజునాథ్ అడిగినవి అయిపోయాయి. తరువాత ఆ పిల్ల పుస్తకాలు ముందర పెట్టుకుంది. పేజీలకు రంగు చీటీలు అతికించి ఉన్నాయి.

"ఇవి మీరే రాసినారా అజ్జీ?"

"నేనే తల్లీ."

"ఏరోజుది ఆరోజేనా?"

"ఏరోజుది ఆరోజే. జొరం వచ్చింటే తప్ప."

"ఎప్పుడన్నా అబద్ధం రాసినారా?"

"నా పుస్తకంలో నాకెందుకమ్మా అబద్ధం?"

మంజునాథ్ ముఖం వెలిగింది. ఆ పిల్ల ముఖమూ వెలిగింది. ఇద్దరూ ఒకే మాటకు ఎట్లా సంతోషపడ్డారో నాకు అప్పుడు అర్థం కాలేదు.

పైకి చదివింది. "1989 ఆగస్టు 4. ధర్మవరం నాగేంద్రమ్మ ఇంటికి బుడ్డోణ్ణి పంపినాము. బస్సు పైన వేసినారు. కింద పడకుంటే చాలు." తలెత్తి, "ఎవరజ్జీ ఈ బుడ్డోడు?"

"మిషను."

టైపు కొట్టే అతను నవ్వాడు. కమిషనర్ చూస్తే ఆపాడు.

"తొమ్మిది పుస్తకాల్లో నూట పన్నెండు చోట్ల బుడ్డోడు ఉండాడు. నేను లెక్కపెట్టినా. ఇంగొక పేరు ఒక్క చోట కూడా లేదు. అవునా, కాదా?"

"లేదు."

"మిషనుకు వేరే పేరు ఉండిందా?"

"ఉండింది. దాని మీదే రాసి ఉండింది."

"ఏం పేరు?"

మంజునాథ్ లేచాడు. "సార్, అది వాళ్ళ ఆచారం, ఆమె..."

"మీరు చెప్పొద్దు మంజునాథ్. సాక్షి చెప్పాల."

"మా ఇంటాయన పేరులో ఉండాది" అన్నాను.

"ముందరిదా, వెనకదా? ఎన్ని అక్షరాలు? చెప్పండజ్జీ, మీరు చెప్పిందే రాస్తాం."

ఫ్రిజ్ పక్కన వాడి రొద వినిపిస్తోంది. నోరు తెరిచాను. దగ్గు వచ్చింది. నీళ్ళు ఇచ్చారు. మళ్ళీ తెరిచాను. పేరు రాలేదు.

కమిషనర్ మంచివాడు. "మా అమ్మ కూడా మా నాయన పేరు పలకదమ్మా. పలకొద్దు. రాసి చూపించు, చాలు" అని తెల్ల కాగితం ముందర పెట్టి తన పెన్నే ఇచ్చాడు.

పెన్ను తీసుకున్నాను. పైన శ్రీ రాశాను. వంటింటి తలుపు దగ్గర నుంచి శేఖర్, "అమ్మా" అన్నాడు. "రెండక్షరాలే కదమ్మా." చిన్నప్పుడు తిరునాళ్ళలో బొమ్మ అడిగిన గొంతు అది. అరవై దగ్గర పడుతున్న మనిషి.

నేను రాయాలనే అనుకున్నాను. చెయ్యి నాదే. కదలలేదు. పేరు రాస్తే ఏదో అయిపోతుందని, ఉన్న కొంచెం కూడా నా చేత్తో నేనే తీసేసినట్టు అవుతుందని... ఏమనుకున్నానో ఇప్పుడు సరిగ్గా చెప్పలేను. పెన్ను కింద పెట్టేశాను.

కమిషనర్ టైపు చేయించింది పైకి చదివి వినిపించాడు. "పేరు రాయమని కాగితం ఇవ్వగా, సాక్షి శ్రీ అని రాసి ఆపేసినారు." ఆ కాగితం కూడా నంబరు వేసి ఫైలులో పెట్టుకున్నారు. కింద సంతకం పెట్టమన్నారు. నా పేరు మాత్రం గబగబా రాసేశాను.

పోయేటప్పుడు ఆ పిల్ల చెప్పులు వేసుకుంటూ, "వస్తా అజ్జీ. మజ్జిగ బాగుండె" అంది. మళ్ళీ రా తల్లీ అన్నాను. నోటికి అలవాటు.

26 జనవరి, సెలవు రోజు

శేఖర్ నాతో మామూలుగానే మాట్లాడాడు. కాఫీలో చక్కెర తక్కువైందన్నాడు. మామూలుగానే.

3 ఫిబ్రవరి, సోమవారం

పెద్ద నష్టం లేదని మంజునాథ్ చెప్పాడంట. నోటిమాట సాక్ష్యం చాలదంట, వచ్చే నెల పదిహేను లోపల, పాత తేదీ ఉన్న కాగితం ఇంకొకటి ఏదన్నా దొరికితే బాగుంటుందన్నాడంట. పెద్ద నష్టం లేకపోతే ఇంకొక కాగితం ఎందుకు?

11 ఫిబ్రవరి

ధర్మవరం నాగేంద్రమ్మ! ఇన్ని దినాలు ఎందుకు తట్టలేదో.

శేఖర్ వాళ్ళ నాయన మొదట్లో మిషను అమ్మితే అచ్చు కార్డు ఇచ్చేవాడు కాదు. తెల్ల కాగితం మీద తన చేత్తో గ్యారంటీ రాసి ఇచ్చేవాడు. తేదీ, మిషను పేరు, కింద సంతకం. నాగేంద్రమ్మ గుండుసూది కూడా పారేసే మనిషి కాదు. ఆ కాగితం ఉంటే చాలు. ఆయన చేతిరాతే. ఆయన పేరు ఆయన రాసుకోవడానికి అడ్డమేముంది?

నేను చెయ్యలేనిది ఆయనే చేసి పెట్టి పోయాడు.

5 మార్చి 2025, బుధవారం

శేఖర్, భాగ్యలక్ష్మి బాగున్నారు. పాప బాగుంది, నాతోనే ఉంది. భాగ్యశ్రీ బాగుంది, కళ్ళారా చూశాను.

పొద్దున రైలెక్కాం, నేనూ సాయిశ్రీ. పెనుకొండలో రైలు రెండు నిమిషాలు ఆగింది. భాగ్యశ్రీ ప్లాట్‌ఫారం మీద పరుగెత్తుకుంటూ వచ్చి కిటికీలో నుంచి చిత్రాన్నం డబ్బా ఇచ్చింది. "ఈ వయసులో ఊర్లు పట్టుకోని తిరగాల్నా నువ్వు? ఫోన్ చేస్తే ఫొటో పంపరా?" అని తిట్టింది. రైలు కదిలాక కూడా తిడుతూనే ఉంది, చెయ్యి ఊపుతూ.

దారంతా ఒకటే ఆలోచన. ఇల్లు మారి ఉంటే? ఆమె పోయి ఉంటే? కాగితం చెదలు తిని ఉంటే?

ఇల్లు మారలేదు. లోపల మగ్గం చప్పుడు. నాగేంద్రమ్మ నన్ను చూసి కాసేపు గుర్తుపట్టలేదు. తరువాత, "లేపాక్షక్కా! ఎంత ముసిలిదానివైపోతివే!" అంది.

"నువ్వేమో పెళ్ళికూతురువు!"

"పండ్లు లేని పెళ్ళికూతురు. రా, కూర్చో. ఎవరీ పాప? అచ్చం మీ అత్త గంగులమ్మ ముక్కే, పాపం."

సాయిశ్రీ నవ్వుకుంటూ మగ్గం చూడటానికి పోయింది. మిషను పాత ఇనుముకు వేసేశారంట. కాగితం మాత్రం ఉందంట, ఇంటి పత్రాలతో పాటు ట్రంకు పెట్టెలో. వెతకడానికి అరగంట పట్టింది. ఆ అరగంటలో నేను మొక్కని దేవుడు లేడు.

నాలుగు మడతల కాగితం. మడతల దగ్గర చిల్లులు పడ్డాయి. ఆయన చేతిరాత. అక్షరాలు కొంచెం ఎడమకు వాలి ఉంటాయి. చూసి పద్నాలుగేళ్ళు.

'శ్రీ. తేది 4-8-1989. ధర్మవరం నాగేంద్రమ్మ గారికి బుడ్డోడు ఒకటి ఇవ్వడమైనది. ఒక సంవత్సరము గ్యారంటీ. చెడిపోయినచో మా ఇంటికే తీసుకొని రావలెను.' కింద పూర్తి పేరుతో సంతకం.

బుడ్డోడు.

ఇంకోసారి చదివాను. కంటిఅద్దాలు తుడుచుకుని ఇంకోసారి చదివాను.

"నేనడిగితి ఆపొద్దు" అంది నాగేంద్రమ్మ. "ఏందన్నా, మిషను మీద ఒక పేరు, చీటీలో ఒక పేరు, రేపు చెడిపోతే నాది కాదంటావా అంటి. పగలబడి నవ్వె. 'మా ఇంట్లో ఆమె పెట్టిన పేరు అదేనమ్మా. పైన రాసింది ఊరికి, ఇది మాకు' అనె. మంచి మనిషక్కా."

నాతో ఎప్పుడూ అనలేదు. ఆ తరువాత ఇరవై రెండేళ్ళు బతికాడు కదా, ఒక్కసారి కూడా అనలేదు. ఆ పేరు నేను పలకలేక పెట్టుకున్న పేరని, ఆయన వినలేదనీ, విన్నా పట్టించుకోలేదనీ అనుకున్నాను.

కాగితం రవికలో పెట్టుకున్నాను. సాయిశ్రీ వచ్చి, "దొరికిందా అవ్వా?" అంది.

"లేదు పాపా. చెదలు తినేసిందంట."

నాగేంద్రమ్మ నా ముఖం చూసింది. రాగి చెంబుతో నీళ్ళు ఇచ్చింది.

పాపకు అబద్ధం చెప్పాను. ఇందులో మాత్రం ఉన్నదే రాస్తున్నాను.

6 మార్చి

మంజునాథ్‌కు ఇస్తే ఏమవుతుంది? వాళ్ళ మాటే నిజమని ఇంకొక కాగితం అవుతుంది. ఇవ్వకపోవడం న్యాయమే. దాచడం కాదు ఇది. శేఖర్‌కైనా చూపించాలి. చూపిస్తాను, కేసు అయిపోయాక.

30 మార్చి

ఉగాది. శేఖర్ పచ్చడిలో చేదు ఒక్కటే తగిలిందన్నాడు. నాలుక్కి అట్లా ఉంటుంది బి.పి. మాత్రలతో.

29 ఆగస్టు 2025, శుక్రవారం

తీర్పు వచ్చింది.

పోయింది.

30 ఆగస్టు

శేఖర్ నూట డెబ్బై. భాగ్యలక్ష్మి దేవుని గదిలో కూర్చుని లేవలేదు, మోకాళ్ళు అనుకుంటాను. పాప కాలేజీకి పోలేదు.

తీర్పులో నా గురించి ఏం రాశారో తెలుగులో చెప్పమన్నాను. వద్దవ్వా అంది. చెప్పేదాకా అన్నం తిననన్నాను. చెప్పింది. 'సాక్షి నలభై ఏళ్ళుగా ఏరోజుది ఆరోజు రాసుకున్న పుస్తకాల్లో ఆ వస్తువుకు వేరే పేరే ఉంది. ఆమె నిజాయితీని అనుమానించడానికి కారణమేమీ లేదు.'

నన్ను నమ్మారు.

10 సెప్టెంబరు, బుధవారం

పైకోర్టుకు పోదామా అని మంజునాథ్ అడిగితే, చాలన్నాడు శేఖర్. షెడ్డు మూసేయకుండా ఉండాలంటే కొత్త పేరు కావాలి. అన్నం దగ్గర అదే మాట. సాయిశ్రీ ఉన్నట్టుండి, "బుడ్డోడు అని పెడదాం నాయనా" అంది. "కోర్టే చెప్పింది కదా, 1986 నుంచి అది మనదేనని."

శేఖర్ నవ్వాడు. భాగ్యలక్ష్మి కూడా నవ్వింది. ఈ ఇంట్లో నవ్వు విని ఎన్నాళ్ళైందో. వాళ్ళను చూస్తే సరేననాలనే అనిపించింది.

"వద్దు" అన్నాను.

"యాలవ్వా? నువ్వు పెట్టిన పేరే కదా. ఎవరూ అడగరు."

"ముందుది కూడా ఎవరూ అడగరనే అనుకున్యాం."

శేఖర్ చెయ్యి కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "సరేమ్మా. అది ఇంట్లోదే. ఇంట్లోనే ఉండనీ" అన్నాడు. కాగితం అప్పుడు చూపించొచ్చు. పెట్టె దాకా పోయాను కూడా. చూపిస్తే వాడు ఏడుస్తాడు. బి.పి. ఎంత పెరుగుతుందో.

13 సెప్టెంబరు

పేరు కుదిరింది. కంప్యూటర్ ఇచ్చిందంట, ఎవరిదీ కాదంట. ఇంగ్లీషు అక్షరాలు. నన్ను పలకమన్నారు. పలికాను. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు పలికాను. ఏమీ అనిపించలేదు.

20 సెప్టెంబరు 2025, శనివారం

శ్రీ

శేఖర్‌కు బి.పి. ఎట్లుంది? నూట నలభై, తగ్గింది. ఇంక పోయేదేమీ లేదని తగ్గిందో ఏమో. భాగ్యలక్ష్మి మోకాళ్ళు ఎట్లున్నాయి? ఈరోజు గోడ పట్టుకోకుండా దిగింది. సాయిశ్రీ బాగుందా? పరీక్షలకు చదువుతోంది. భాగ్యశ్రీకి షుగరు ఎట్లుంది? ఈసారి కసరకుండా చెప్పింది, అదే భయంగా ఉంది. నేను బాగున్నాను.

షెడ్డులో మిగిలిన డబ్బాలు, స్టిక్కర్లు, అచ్చు పలకలు, పేరు ఉన్నవన్నీ తీసుకుపోవడానికి కోర్టు వాళ్ళు వస్తారంట. అప్పుడు వచ్చిన కమిషనరే. ఇంట్లో కూడా చూస్తారంట, పేరు ఉన్న వస్తువు ఏదీ మిగలకూడదంట.

"ఆపొద్దుకు నువ్వు పెనుకొండకు పోమ్మా. అక్క దగ్గర రెండు దినాలుండి రా" అన్నాడు శేఖర్.

"నేను యాడికీ పోను. ఆయప్పకు మజ్జిగ ఎవరిస్తారు?"

ఫ్రిజ్ పక్కన వాణ్ణి తీసుకుపోతారేమోనని పొద్దున భయపడ్డాను. లేచి వెళ్ళి చూసి వచ్చాను. తీసుకుపోరు. వాడి మీద ఏమీ లేదు. నేనే తుడిచేశాను కదా. నాగేంద్రమ్మ ఇచ్చిన కాగితం మడతలు సరిచేసి వాడి కింద పెట్టాను. దానిలోనూ మిషనుకు ఉన్నది వాళ్ళకు కావలసిన పేరు కాదు.

ఎప్పుడొస్తారో పుస్తకంలో రాసి పెట్టుకోమన్నాడు శేఖర్, మర్చిపోతానని. కోర్టు లేని దినమే వాళ్ళకు తీరికంట. సెలవు రోజు అని రాయబోయి ఆగాను. ఇంకా ఎనిమిది దినాలే ఉంది ఆ పేరుకు ఆయుష్షు. తగ్గితే ఎంత తగ్గుతుంది?

వాళ్ళు వచ్చేది 28 సెప్టెంబరు, ఆదివారం, పది గంటలకు.